ఏడంతస్తుల మేడ కాదు, పంటు మీద లారీ

సంపాదకులు గారికి,

నమస్కారం.

మీ పత్రిక పోటీ పరీక్షల పేజీలో కంప్యూటర్ నెట్‌వర్క్ పొరల మీద వచ్చిన పాఠం చూశాం. ఫిజికల్, డేటా లింక్, నెట్‌వర్క్, ట్రాన్స్‌పోర్ట్, సెషన్, ప్రెజెంటేషన్, అప్లికేషన్ అని ఏడు పేర్లనూ ఏడంతస్తుల మేడలా బొమ్మ గీసి, ఏ అంతస్తులో ఏ ప్రోటోకాల్ (యంత్రాలు మాట్లాడుకునే నియమావళి) కాపురం ఉంటుందో రాశారు. పేర్లు తప్పు కాదు. పరీక్షలో మార్కు కూడా వస్తుంది. కానీ ఆ బొమ్మను నమ్ముకున్న విద్యార్థి రేపు గ్రామ సచివాలయంలోనో, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులోనో, కేబుల్ ఆపరేటర్ దగ్గరో పనిలో చేరితే మొదటి వారంలోనే తికమక పడతాడు. పొరలో ఏముందో చెప్పారు గానీ, పొరకీ పొరకీ మధ్య లావాదేవీ ఏమిటో పాఠంలో ఒక్క వాక్యం లేదు. పని అంతా అక్కడే ఉంది.

ముందు ఒక తప్పు సరిదిద్దాలి. ఓఎస్ఐ నమూనా, అంటే ఆ ఏడు పొరల బొమ్మ, ఆధారంగా ఇంటర్నెట్ నడిచే ప్రోటోకాళ్లయిన టీసీపీ/ఐపీని తయారు చేశారని రాశారు. వరస తిరగబడింది. టీసీపీని ప్రతిపాదించిన వింట్ సర్ఫ్, బాబ్ కాన్‌ల వ్యాసం 1974లో వచ్చింది. ఇంటర్నెట్‌కు ముందున్న నెట్‌వర్క్ అర్పానెట్ 1983 జనవరి 1న టీసీపీ/ఐపీకి మారింది. ఏడు పొరల నమూనా అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది 1984లో. ఇంటర్నెట్ వాళ్లు తమ పొరలను రాసిపెట్టుకున్న పత్రం 1989 నాటిది, అందులో ఉన్నవి నాలుగే: లింక్, ఇంటర్నెట్, ట్రాన్స్‌పోర్ట్, అప్లికేషన్. సెషన్, ప్రెజెంటేషన్ అనేవి ఇంటర్నెట్‌లో విడి పొరలుగా ఎప్పుడూ నిలబడలేదు. ఆ పనులను అప్లికేషన్లే చూసుకుంటాయి, కొంత టీఎల్ఎస్ (సమాచారాన్ని రహస్యంగా మార్చి పంపే ప్రోటోకాల్) చూసుకుంటుంది.

పొరలు ఎందుకు విడిపోయాయన్నది ఇంకా ముఖ్యం. మొదట టీసీపీ ఒక్కటే ఉండేది. దారి పట్టించడం, దారిలో పోయినదాన్ని మళ్లీ పంపడం, రెండూ దాని నెత్తినే ఉండేవి. గొంతును ప్యాకెట్లుగా (చిన్న చిన్న ముక్కలుగా) పంపాలనుకున్న వాళ్లకు ఇది అడ్డమైంది. మాటలో ఒక ముక్క పోతే పోనివ్వాలి, దాన్ని అర సెకను ఆలస్యంగా తెచ్చి ఇస్తే మిగతా మాట కూడా చెడుతుంది. అందుకని 1978లో దాన్ని రెండుగా చీల్చారు. దారి పట్టించే పని ఐపీకి, పోయినదాన్ని తిరిగి తెప్పించే పని టీసీపీకి. తిరిగి తెప్పించడం అక్కర్లేని వాళ్లకు 1980లో యూడీపీ వచ్చింది. ఆ గీత ఎవరి సరదా కోసమూ గీసింది కాదు, ఒకరికి కావలసింది ఇంకొకరికి బరువైనప్పుడు పడింది.

మా ప్రాంతంలో పొరల గురించి చెప్పేటప్పుడు కాలువల పోలిక తెస్తుంటారు. ధవళేశ్వరం దగ్గర బయల్దేరిన ప్రధాన కాలువ, దాన్నుంచి పంట కాలువ, దాన్నుంచి పిల్ల కాలువ, చివరికి చేలో బోదె, ఇవే పొరలు అని. వినడానికి బాగుంటుంది గానీ ఈ పోలిక పొరలకు పనికిరాదు. ఏ నీరు ఏ తూము దగ్గర ఎటు తిరగాలన్నది దారుల సంగతి, అంటే రూటింగ్. పైగా కాలువలో నీరు నీటిలో కలిసిపోతుంది, ప్యాకెట్లు కలవవు. పొరలకు సరైన బొమ్మ సఖినేటిపల్లి రేవులో ఉంది.

అంబాజీపేటలో కొబ్బరికాయలు బస్తాల్లో కట్టారు. బస్తాలు లారీకెక్కాయి. లారీ సఖినేటిపల్లిలో పంటు (బండ్లను ఏరు దాటించే పడవ) ఎక్కి, గోదావరి పాయ వశిష్ఠ దాటి, నరసాపురంలో దిగింది. పంటు నడిపే మనిషికి లారీ బరువు, పొడవు తెలిస్తే చాలు, బస్తాల్లో ఉన్నవి పచ్చికాయలా కురిడీలా అన్నది అతనికి అనవసరం. లారీ డ్రైవరుకు వే బిల్లు మీద ఊరి పేరు చాలు. కాయల లెక్క చూసుకునేది ఇక్కడ పంపిన కొట్టువాడూ, అక్కడ దించుకునే కొట్టువాడూ. అవతలి ఒడ్డున లారీ దిగగానే పంటు పని అయిపోయింది. అది మరో బండిని ఎక్కించుకుని వెనక్కి తిరుగుతుంది. లారీ అదే వే బిల్లుతో ముందుకు పోతుంది.

ఈథర్నెట్ (దగ్గరి పరికరాలను తీగతో కలిపే పద్ధతి) వాడే కవరు, అంటే ఫ్రేము, పంటు లాంటిది. ఒక రేవు నుంచి ఎదుటి రేవు దాకే దాని ఆయుష్షు. మీ కంప్యూటర్ నుంచి రూటర్ దాకా ఒక ఫ్రేము, రూటర్ నుంచి తరవాతి పరికరానికి ఇంకో ఫ్రేము. ప్రతి అంచెలోనూ మ్యాక్ అడ్రసులు (ఈథర్నెట్ పరికరాలను గుర్తించే నంబర్లు) మారిపోతాయి. లోపలున్న ఐపీ ప్యాకెట్ లారీ. దాని మీద చేరవలసిన అడ్రసు మాత్రం మామూలుగా అలాగే ఉంటుంది, ఒక్కో రూటర్ దగ్గర టీటీఎల్ (ఇంకా ఎన్ని అంచెలు పోవచ్చో చెప్పేది) అనే అంకె మాత్రం ఒకటి చొప్పున తగ్గుతుంది. టీసీపీ కొట్టువాడు. రెండు కొసల్లో తప్ప మధ్యలో ఎక్కడా ఉండడు. ‘మ్యాక్ అడ్రసు రెండో పొరది, ఐపీ అడ్రసు మూడో పొరది’ అని బట్టీ పట్టించే బదులు, ‘మొదటిది అంచెకొకసారి మారుతుంది, రెండోది మామూలుగా మారదు’ అని చెబితే పిల్లలకు ఇంకేమీ చెప్పక్కర్లేదు.

ఇక కొలతలు. మామూలు ఈథర్నెట్ ఫ్రేము లోపల పట్టేది 1500 బైట్లు. దీన్నే ఎంటీయూ అంటారు. అందులో ఐపీ తన హెడర్‌కు (సరుకు ముందు అతికించే చీటీకి) 20 తీసుకుంటుంది, టీసీపీ మరో 20. మిగిలింది 1460. పై నుంచి ఈథర్నెట్ తన హెడర్ 14, చివర సరిచూసుకునే అంకె 4 కలుపుతుంది. మొత్తం 1518. తీగ మీద ప్రతి ఫ్రేముకు ముందు 8 బైట్ల మేల్కొలుపు, తరవాత 12 బైట్ల ఖాళీ తప్పనిసరి. అంటే 1460 బైట్ల సరుకు చేరాలంటే తీగ మీద 1538 బైట్ల చోటు ఖర్చవుతుంది. టీసీపీ మామూలుగా టైమ్‌స్టాంప్ కోసం ఇంకో 12 వాడుకుంటుంది, అప్పుడు సరుకు 1448. 1448ని 1538తో భాగిస్తే 94 శాతం.

‘వంద ఎంబీపీఎస్ పోర్టు అన్నారు, స్పీడ్ టెస్ట్‌లో 94 దాటదేం’ అని ఆపరేటర్‌తో గొడవపడే వాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ఆ ఆరూ ఎవరూ కాజేయలేదు, పొరల కవర్లకు పోయింది. అదే 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్న ఇంట్లో కూడా తీగతో పెట్టిన కంప్యూటర్‌కు సరిగ్గా 94 దగ్గరే ఆగిపోతోందంటే అది వేరే కథ. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) ఈథర్నెట్‌కు కేబుల్లోని నాలుగు జతల తీగలూ కావాలి. ఒక్క తీగ తెగినా, క్రింపులో ఒక పిన్ను ఆనకపోయినా చాలా పరికరాలు రెండు జతలతో నడిచే 100 ఎంబీపీఎస్‌కు దిగిపోతాయి, ఎవరికీ చెప్పవు. ఓడలరేవు, అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఆర్జే-45 (నెట్ కేబుల్ కొసన ఉండే ప్లగ్గు) పిన్నులు చిలుము పట్టడం మామూలే. 94 కనబడితే ముందు ప్లగ్గు కోసి కొత్తది క్రింప్ చేయండి, ఆ తరవాతే ఆపరేటర్‌కు ఫోన్ చేయండి.

ఒక పొర మరో పొరను ఎలా గుర్తుపడుతుంది? కవరు మీద చీటీతో. ఈథర్నెట్ ఫ్రేములో రెండు బైట్ల గడి ఒకటుంది. అందులో హెక్సాడెసిమల్ లెక్కన 0800 ఉంటే లోపల ఐపీ పాత రూపం ఐపీవీ4, 86డీడీ ఉంటే కొత్త రూపం ఐపీవీ6, 0806 ఉంటే ఏఆర్‌పీ. ఐపీ హెడర్లో ఇంకో గడి. 6 ఉంటే టీసీపీ, 17 ఉంటే యూడీపీ, 1 ఉంటే ఐసీఎంపీ (దారిలోని తప్పులను తెలిపే కబుర్లు). టీసీపీ, యూడీపీల మీద పోర్టు నంబరు: 443 అంటే హెచ్‌టీటీపీఎస్ (భద్రమైన వెబ్ పేజీలు), 53 అంటే డీఎన్ఎస్ (సైటు పేరును ఐపీ అడ్రసుగా మార్చేది). చీటీ చదివి ఎవరికి అప్పజెప్పాలో తెలుసుకోవడం వరకే కింది పొర పని. లోపల ఏముందో తరచి చూడకూడదన్నది మర్యాద. చూసే వాళ్లున్నారు, వాళ్ల సంగతికి వస్తాం.

ఈ చీటీలు సరిగా చూస్తే ఏడంతస్తుల బొమ్మలో బీటలు కూడా కనబడతాయి. ఏఆర్‌పీ ఐపీ అడ్రసును మ్యాక్ అడ్రసుగా మార్చి ఇస్తుంది, కానీ ఐపీ మీద ప్రయాణించదు. దాన్ని రెండో పొర అంటారా మూడోదా? ఐసీఎంపీ ఐపీ కవరులోనే ప్రయాణిస్తుంది, అయినా ఐపీకి తోడుగా మూడో పొరలోనే లెక్కేస్తారు. 2021లో ప్రమాణమైన క్విక్ అనే ప్రోటోకాల్ అయితే టీసీపీ చేసే పనినీ టీఎల్ఎస్ చేసే పనినీ కలిపేసుకుని యూడీపీ మీద కూర్చుంది. ‘క్విక్ ఏ పొర’ అని నాలుగు ఆప్షన్ల ప్రశ్న ఇస్తే సరైన జవాబు ఉండదు. నమూనా తప్పని కాదు, అది సామాను సర్దుకోవడానికి గీసుకున్న గడులు, సామాను గడుల కోసం పుట్టలేదు.

అసలు సంబంధం వాగ్దానాల్లో ఉంది. కింది పొర దేనికి హామీ ఇస్తుంది, దేనికి ఇవ్వదు? ఈథర్నెట్ చివరి 4 బైట్లతో ఫ్రేము చెడిందో లేదో చూస్తుంది. చెడితే పారేస్తుంది, అంతే. పారేశానని ఎవరికీ కబురు పెట్టదు. ఐపీ చేతనైనంత చేస్తుంది. చేరుస్తానని గానీ, వరసలో చేరుస్తానని గానీ అనదు. ఈ రెండింటి మౌనాన్నీ అర్థం చేసుకుని లోటు పూడ్చేది టీసీపీ. ఆ మౌనాన్ని అది తప్పుగా అర్థం చేసుకున్నప్పుడు మనకు కష్టాలు.

ఇంటికి వచ్చే ఫైబర్ లైనునే తీసుకోండి. జీపాన్ (ఒక ఫైబరును చాలా ఇళ్లకు పంచే) పద్ధతిలో ఆపరేటర్ దగ్గరి పెట్టె ఓఎల్‌టీ నుంచి 1490 నానోమీటర్ల వెలుగు ఇంటి వైపు వస్తుంది, ఇంటి నుంచి 1310 వెళుతుంది. ఓఎల్‌టీ 3 డీబీఎం (వెలుగు బలానికి కొలత, తరుగుదలను డీబీల్లో చెబుతారు) పంపిందనుకోండి. 32 ఇళ్లకు పంచే స్ప్లిటర్ దగ్గర 17 డీబీ పోతుంది. 10 కిలోమీటర్ల ఫైబరుకు రెండున్నర. కనెక్టర్లు, అతుకులు కలిపి ఇంకో రెండు. ఇంటికి చేరేది మైనస్ 18.5. బీ ప్లస్ తరగతి ఓఎన్‌టీ (ఇంట్లో పెట్టే ఫైబర్ పెట్టె) మైనస్ 27 వరకు చదవగలదు, కాబట్టి బాగానే ఉంది. ఇప్పుడు గాలివానకు కొబ్బరి మట్ట పడి తీగ వంగింది. లేదా స్తంభం మీద చుట్ట బిగించి కట్టారు. లేదా కనెక్టర్ కొసన దుమ్ము చేరింది. మరో 9 డీబీ పోతే మైనస్ 27.5. ప్రతి 3 డీబీకి వెలుగు సగమవుతుందని గుర్తుంచుకుంటే, ఇది మామూలుగా రావలసినదాంట్లో ఎనిమిదో వంతు. (వంపు దగ్గర 1310 కన్నా 1490 ఎక్కువ కారిపోతుంది. అందుకే ఒక్కోసారి అప్‌లోడ్ బాగుండి డౌన్‌లోడ్ ఏడుస్తుంది.)

ఈ స్థితిలో ఓఎన్‌టీ మీద వెలుగు రావడం లేదని చెప్పే ఎర్ర ఎల్ఓఎస్ లైటు వెలగకపోవచ్చు. లైను కలిసిందని చెప్పే పాన్ లైటు పచ్చగానే ఉంటుంది. లైను ‘ఉంది’. కానీ అప్పుడప్పుడు బిట్లు చెడుతున్నాయి, చెడిన ఫ్రేములను కింది పొర నోరెత్తకుండా పారేస్తోంది. టీసీపీకి కనబడేది ఒక్కటే: పంపినదానికి రసీదు రాలేదు. రసీదు రాకపోతే దారిలో రద్దీ ఉందని దాని నమ్మకం. ఆ నమ్మకానికి కారణముంది. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో లారెన్స్ బర్కిలీ ల్యాబుకూ, పక్కనే ఉన్న విశ్వవిద్యాలయానికీ మధ్య వేగం 32 కేబీపీఎస్ నుంచి సెకనుకు 40 బిట్లకు పడిపోయింది. అందరూ పోయినవాటిని మళ్లీ మళ్లీ పంపుతూ ఉన్న దారిని ఇంకా బిగించేశారు. ఆ తరవాత వాన్ జాకబ్సన్ 1988లో టీసీపీకి నేర్పింది ఇదే: ప్యాకెట్ పోతే వేగం తగ్గించు. రద్దీ ఉన్నచోట ఇది ప్రాణం కాపాడే బుద్ధి. కొబ్బరి మట్ట పడ్డ తీగ మీద మాత్రం రద్దీ లేదు, అయినా టీసీపీ వేగం తగ్గించేస్తుంది.

ఎంత తగ్గిస్తుందో పాత పద్ధతి టీసీపీకి లెక్క ఉంది. పోయి రావడానికి 50 మిల్లీసెకన్లు పట్టే సర్వరు, నూటికి ఒక ప్యాకెట్ పోతోంది. ఒక కనెక్షన్‌కు దక్కేది సుమారు 2.8 ఎంబీపీఎస్. మీ ప్లాన్ వందైనా, మూడు వందలైనా. సర్వరు దగ్గర్లోనే ఉండి 5 మిల్లీసెకన్లే పడితే అదే లెక్క 28 అవుతుంది. స్పీడ్ టెస్ట్ సాధారణంగా దగ్గరి సర్వరును ఎంచుకుని ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తుంది. అందుకని దాంట్లో అంకె బాగా కనబడుతుంది, దూరాన ఉన్న పోర్టల్లో ఫైలు మాత్రం నత్తనడక నడుస్తుంది. కొత్త రకం టీసీపీలు ఇంత బెదిరిపోవు గానీ ఏ సర్వరు ఏది వాడుతుందో మన చేతుల్లో లేదు. రోగం మొదటి పొరది, లక్షణం నాలుగో పొరది, తిట్లు వెబ్‌సైటుకు. ఇక్కడ రూటరు మార్చినా, ప్లాన్ పెంచినా లాభం లేదు. పవర్ మీటర్ పెట్టి డీబీఎం చూడాలి, కనెక్టర్ తుడవాలి, వంపు విప్పాలి.

వైఫై తీరు ఇంకోరకం. అక్కడ రెండో పొరే రసీదు అడుగుతుంది, రాకపోతే తనే చాలాసార్లు మళ్లీ పంపుతుంది. అందువల్ల నష్టం కాస్తా ఆలస్యంగా మారుతుంది. పింగ్ (అవతలి పరికరం పలుకుతోందో, ఎంతసేపట్లో పలుకుతోందో చూసే పరీక్ష) ఒకసారి 4, ఒకసారి 90, ఒకసారి 300 మిల్లీసెకన్లు చూపిస్తుంటే చాలావరకు గాలిలో గొడవ. సమయం నిలకడగా ఉండి మధ్యమధ్య ‘టైమ్‌డ్ అవుట్’ వస్తుంటే తీగనూ ఫైబరునూ అనుమానించండి.

మాకు ఎక్కువ ఫిర్యాదులు వినిపించేది మాత్రం ఇంకో రకం: ‘నెట్ వస్తోంది, వాట్సాప్ వస్తోంది, యూట్యూబ్ ఆడుతోంది, ఫలానా ఆఫీసు పోర్టల్ ఒక్కటే తిరుగుతూ ఉంటుంది.’ ఇది పొరల సంబంధానికి పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ. కాస్త వివరంగా చెబుతాం.

చాలామంది ఆపరేటర్లు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లైను ఇస్తారు. దాని పేరు పీపీపీఓఈ. ఈథర్నెట్‌కీ ఐపీకీ మధ్య ఇది అదనంగా ఒక కవరు తొడుగుతుంది. ఆ కవరు బరువు 8 బైట్లు. పంటు మీద చోటు 1500 బైట్లే, 8 కవరుకు పోతే ఐపీకి మిగిలింది 1492. ఇంట్లోని కంప్యూటర్‌కు ఈ సంగతి తెలియదు, తన తీగ మీద 1500 పడుతుంది కాబట్టి 1460 బైట్ల సరుకు తీసుకోగలనని సర్వరుకు చెబుతుంది. సర్వరు 1500 బైట్ల ప్యాకెట్ కట్టి, ముక్కలు చేయకూడదన్న గుర్తు పెట్టి పంపుతుంది. ఆపరేటర్ దగ్గరికి వచ్చేసరికి పట్టదు. అక్కడి పరికరం ప్యాకెట్ పారేసి ఐసీఎంపీలో కబురు పెడుతుంది: ‘ముక్కలు చేయాలి, నాకు 1492 మించి పట్టదు’ అని, రకం 3, కోడ్ 4. ఆ కబురు సర్వరుకు చేరితే అది చిన్న ప్యాకెట్లు కట్టి పంపుతుంది, కథ సుఖాంతం. కానీ చాలా ఆఫీసుల్లో ఫైర్‌వాల్ పెట్టిన వాళ్లు ‘ఐసీఎంపీ అంటే పింగ్, పింగ్ అంటే ప్రమాదం’ అని మొత్తానికి మూసేస్తారు. కబురు గుమ్మం దగ్గరే చచ్చిపోతుంది. సర్వరు అదే 1500 బైట్ల ప్యాకెట్‌ను మళ్లీ పంపుతుంది. ఒక సెకను ఆగి, రెండు సెకన్లు ఆగి, నాలుగు, ఎనిమిది.

ఇప్పుడు లక్షణాలు చూడండి. డీఎన్ఎస్ జవాబు చిన్నది, వస్తుంది. టీసీపీ కరచాలనం మూడు ప్యాకెట్లూ కలిపి రెండు వందల బైట్లు దాటవు, జరుగుతుంది. పింగ్‌కు పలికే వేరే సర్వరుకు మామూలు పింగ్ వెళుతుంది. టీఎల్ఎస్‌లో సర్వరు తన సర్టిఫికెట్ పంపాలి. అది రెండు మూడు వేల బైట్లు, నిండు ప్యాకెట్లలో వస్తుంది, ఇక్కడే ఆగిపోతుంది. బ్రౌజరు చక్రం తిరుగుతూనే ఉంటుంది. యూట్యూబ్ క్విక్ మీద నడిస్తే ఆడుతుంది, ఎందుకంటే క్విక్ 1200 బైట్ల దగ్గర మొదలుపెట్టి దారి పడుతుందో లేదో చూసుకుంటూ పోతుంది. ఏ పొరకు ఆ పొర విడిగా పరీక్షిస్తే అన్నీ పాస్, కలిపి చూస్తే ఫెయిల్.

కనిపెట్టడం తేలిక. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో, పింగ్‌కు పలికే ఏదో ఒక సర్వరుకు పంపే పింగ్‌కు రెండు స్విచ్‌లు కలపండి: ముక్కలు చేయొద్దనే ‘ఎఫ్’, పరిమాణం చెప్పే ‘ఎల్’. పరిమాణం 1472 ఇవ్వండి. దానికి ఐసీఎంపీ 8, ఐపీ 20 కలిస్తే 1500. వెళ్లకపోతే 1464 ఇవ్వండి. అది వెళ్లి 1465 ఆగిపోతే మధ్యలో 8 బైట్ల కవరు ఉన్నట్టే. మందు రెండు రకాలు. రూటరులో వ్యాన్ (బయటి లైను) ఎంటీయూ 1492 పెట్టి, ఎంఎస్ఎస్ (ఒక టీసీపీ ప్యాకెట్లో పట్టే సరుకు) క్లాంపింగ్ అనే ఆప్షన్ ఆన్ చేయడం మొదటిది. అప్పుడు దారిన పోయే టీసీపీ తొలి ప్యాకెట్‌ను రూటరు విప్పి, 1460 అని ఉన్నచోట 1452 అని దిద్దుతుంది. మూడో పొర పనివాడు నాలుగో పొర కవరు విప్పి అంకె దిద్దడం మర్యాద కాదు, కానీ ఊరంతా దీనితోనే బతుకుతోంది. రెండోది, ఫైర్‌వాల్‌లో రకం 3 కోడ్ 4ను వదలడం. ఇదే సరైన మందు, చేయాల్సిన వాళ్లు మాత్రం ఎక్కడో ఉంటారు. క్లాంపింగ్ టీసీపీకే పనిచేస్తుందని మరవకండి. యూడీపీ మీద నడిచే వీపీఎన్‌కు (ఇంటర్నెట్ మీదుగా వేసుకునే సొంత దారికి) ఎంటీయూ విడిగా తగ్గించాలి.

వీపీఎన్ మాట వచ్చింది కాబట్టి చెబుతాం, దీనికి మాత్రం మన కాలువల్లో మంచి పోలిక ఉంది: పి.గన్నవరం అక్విడక్టు. గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలువే వంతెనెక్కి నాగరం దీవికి వెళుతుంది. కింద ఏరు, పైన కాలువ, రెండు నీళ్లూ కలవవు. టన్నెల్ అంటే అంతే, ఒక ఐపీ ప్యాకెట్ మరో ఐపీ ప్యాకెట్ కడుపులో కూర్చుని దాటిపోతుంది. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ అయితే ఇలా దాటడానికి ఐపీవీ4 మీద 60 బైట్లు తింటుంది. బయట ఐపీ 20, యూడీపీ 8, దాని సొంత లెక్కలు 32. మూడో పొర యూడీపీ మీద, అంటే నాలుగో పొర మీద, స్వారీ చేయడం ఏడంతస్తుల బొమ్మలో ఎక్కడ గీస్తారో పాఠం రాసినవారే చెప్పాలి. టీసీపీ మీద టీసీపీని ఎక్కించే వీపీఎన్‌లకు మాత్రం దూరంగా ఉండండి. బయటిదీ లోపలిదీ రెండూ పోయినదాన్ని మళ్లీ పంపడం మొదలుపెడితే, చెడ్డ లైను మీద రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి.

కవర్లు విప్పే వాళ్లలో అందరికీ తెలిసింది నాట్. ఐపీ అడ్రసు సరిపోక ఇల్లంతటికీ ఒక్క అడ్రసు ఇచ్చి, ఎవరిది ఏ ప్యాకెట్టో పోర్టు నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. నాలుగో పొర అంకెతో మూడో పొర కొరత తీర్చడమన్నమాట. ఆపరేటర్ మళ్లీ ఊరంతటికీ అదే చేస్తే సీజీనాట్. రొయ్యల చెరువు గట్టు మీద కెమెరా పెట్టి, రూటరులో పోర్టు ఫార్వార్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని కెమెరాకు మళ్లించే అమరిక) అంతా సరిగా చేసినా హైదరాబాద్ నుంచి బొమ్మ రాదని తల పట్టుకునేవాళ్లు రూటరు పేజీలో వ్యాన్ ఐపీ చూడాలి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే ఆ అడ్రసు బయటి లోకానికి కనబడదు, మీ ఫార్వార్డింగ్ మీ గేటు దాకే. ఆపరేటర్‌ను స్టాటిక్ ఐపీ (బయటికి కనబడే, మారని అడ్రసు) అడగాలి, లేదా ఐపీవీ6 ఇస్తున్నారేమో కనుక్కోవాలి, లేదా కెమెరానే బయటికి కనెక్ట్ అయ్యే క్లౌడ్ పద్ధతి వాడాలి.

నెట్ ఆగిపోయినప్పుడు కింది నుంచి పైకి రావాలి. పై నుంచి కిందికి వస్తే రోజంతా పడుతుంది. ఎల్ఓఎస్ ఎర్రగా మెరిస్తే ఇక ఏమీ ముట్టుకోకండి, వెలుగే రావడం లేదు, లైన్‌మన్‌ను పిలవండి. వెలుగు ఉంటే కంప్యూటర్ అడ్రసు చూడండి. 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ (రూటరు అడ్రసులు పంచే పద్ధతి) జవాబు రాలేదు, తప్పు మీ గదిలోనే ఉంది: తీగ, స్విచ్చు, లేదా రూటరు. అడ్రసు సరిగా ఉంటే రూటరుకు పింగ్, చాలా ఇళ్లలో 192.168.1.1. అది పలికితే 8.8.8.8కు, అంటే గూగుల్ డీఎన్ఎస్ సర్వరుకు. అదీ పలికి పేరుతో సైటు రాకపోతే డీఎన్ఎస్. పేరు కూడా పలికి పేజీ రాకపోతే పైన చెప్పిన 1472 పరీక్ష. ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అని వస్తే నెట్‌వర్క్ వైపే వెళ్లకండి, ముందు కంప్యూటర్ తేదీ చూడండి. పాత డెస్క్‌టాప్‌లో బోర్డు మీది నాణెం బ్యాటరీ చచ్చిపోతే ఒక్క కరెంటు కోతకు తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదని బ్రౌజరు అనుకుంటుంది. లైను కట్ అయి తిరిగి వచ్చాక డౌన్‌లోడ్ కదలకపోతే పాడైందనుకోకండి. టీసీపీ గడువు రెట్టింపు చేసుకుంటూ పోయి ఇప్పుడు అర నిమిషం ఆగి ఉంటుంది. రిఫ్రెష్ కొడితే కొత్త కనెక్షన్ వెంటనే అందుకుంటుంది.

ఫోన్లో ‘నెట్ రావట్లేదండి’ అనే బదులు ‘పాన్ లైటు పచ్చగా ఉంది, రూటరు పలుకుతోంది, 8.8.8.8 పలకట్లేదు’ అని చెబితే లైన్‌మన్ నిచ్చెన తేవాలో, ఆఫీసులో కూర్చుని సరిచేయాలో అక్కడే తేలిపోతుంది.

మీ పేజీకి మా విన్నపం ఒకటే. వచ్చే పాఠంలో ఏడంతస్తుల బొమ్మ ఉంచుకుంటే ఉంచుకోండి, దాని పక్కన 1518 బైట్ల ఫ్రేము ఒకటి కవరులో కవరుగా, కొలతలతో గీయండి. ‘కిందివాటిలో ట్రాన్స్‌పోర్ట్ లేయర్ ప్రోటోకాల్ ఏది’ అనే ప్రశ్న స్థానంలో ఇది వేయండి: ‘ముక్కలు చేయొద్దన్న గుర్తుతో పంపిన పింగ్ 1464 వరకు వెళ్లి 1465 దగ్గర ఆగింది. దారిలో ఉన్న ప్రోటోకాల్ ఏది? టీసీపీ ఎంఎస్ఎస్ ఎంత ఉండాలి?’

ఇట్లు,
నెట్‌వర్క్ నిర్వహణ పనిలో ఉన్న కొందరు పాఠకులు,
అమలాపురం.